ఎవరూ కొనకూడదని నేసిన తివాచీ

ఇజ్జా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ తివాచీ ఎంచుకుంటారు. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు ఎంచుకుంటారు, సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు ఎంచుకుంటారు. పెళ్ళికి కానుకని ఒకడు, కొత్త ఇంటికని ఇంకొకడు, గోడకి తగిలించుకుంటానని మరొకడు. గోడకట! నీళ్ళ కుండలు రాత్రికి రాత్రే గడ్డకట్టే కొండల్లో ఉండే ఆమెకి అది వింతే. గొర్రె ఉన్నిని గోడకి కప్పే మనిషి ఉంటాడని మొదటిసారి విన్నప్పుడు, పాపం వాడికి మతి సరిగ్గా లేదేమో అనుకుంది ఇజ్జా. ఇంతమంది ఎంచుకున్నారు కానీ ఆ ఇంట్లో ఎంచుకోనిది ఒక్క ఇజ్జాయే. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మగ్గం ఖాళీగా ఉన్న చలికాలం లేదు. ఆమె నేల మీద మాత్రం ప్లాస్టిక్ చాప. దాని మీద అచ్చేసిన నెమలికి కళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి.

నేసేది ఇజ్జా. అమ్మేది మరిది మీమూన్. వాడికి మెక్నెస్ పట్నంలో కొట్టుంది. తివాచీ ఒక్కటే చూపిస్తే ఒక ధర, నేసిన ఇల్లూ నేసిన మనిషినీ కూడా చూపిస్తే ఇంకో ధర వస్తుందని వాడు ఏనాడో కనిపెట్టాడు. అప్పట్నుంచీ వదినని కూడా సరుకులో కలిపేశాడు. కారు దిగీ దిగకముందే మొదలుపెడతాడు. "వదినా, కాస్త మగ్గం ముందు కూర్చో. కాస్త నవ్వు. నవ్వితే నీ సొమ్మేం పోతుంది?" ఇజ్జా కూర్చునేది. నవ్వేది మాత్రం కాదు. ఆ నవ్వని మొహాన్ని కూడా ఫొటో తీసుకుని ఎంత బాగుందో అనుకుంటూ పోయేవాళ్ళు.

ఆమె మొగుడు జాయిద్ నోట్లో నాలుక లేని మనిషి. గొర్రెలకి జబ్బు చేస్తే రాత్రంతా మేలుకుంటాడు, పెళ్ళాం కోపం తెచ్చుకుంటే మేకుకి వేలాడే కోటు తగిలించుకుని కొండెక్కుతాడు. అలాంటి జాయిద్ కిందటి శరదృతువులో ఇంటికి ఇంకో గది కట్టాడు, వచ్చేపోయేవాళ్ళ కోసం. రాతి గోడలు, దేవదారు దూలాలు, లోయవైపు కిటికీ. గది మధ్యలో నిలబడి ఇజ్జా అప్పుడే చెప్పేసింది.

"ఈ గదికి తివాచీ నేస్తాను. ఇది నీ తమ్ముడి కారెక్కదు."

"అలాగే."

"అలాగే అంటే అలాగేనా, వాడు రాగానే కరిగిపోయే అలాగేనా?"

"అలాగే అన్నాను కదే. ఇంకేమనమంటావు?"

ఇంకేమీ అనక్కర్లేదనే అనుకుంది ఇజ్జా.

ముందు ఉన్ని సంగతి చూసుకుంది. మీమూన్ సంచుల్లో పడేసి పోయే ఉన్ని చచ్చిన ఉన్ని. కసాయి దగ్గర తోళ్ళు కొని, సున్నం పూసి, పీకించి తెస్తాడు. దాన్ని వడుకుతుంటే వేళ్ళకి జిడ్డంటదు, పొడి గడ్డిని పురిపెడుతున్నట్టుంటుంది. అలాంటి దాంతో నేసిన తివాచీ నాలుగేళ్ళకే రాలిపోతుంది. రాలేసరికి కొన్నవాడు ఎక్కడో ఉంటాడు కాబట్టి మీమూన్‌కి చింత లేదు. ఇజ్జా తన తివాచీకి మాత్రం తన మందలోనే, బతికున్న గొర్రెల మీద, వీపూ భుజాల దగ్గరి ఉన్నే కత్తిరించింది. వాగులో ఉతికింది. ఏకింది. చేతులు పగిలేదాకా వడికింది.

ఆ తర్వాత రంగు. ఇక్కడే ఇజ్జా ఒక ఎత్తు వేసింది. ఈ కాలం కొనేవాళ్ళందరికీ కావలసింది ఒకటే, తెల్లటి నేల మీద సన్నటి నల్ల గీతలు. ఏ సోఫా పక్కన పడేసినా నోరెత్తని తివాచీ కావాలి వాళ్ళకి. అందుకని ఇజ్జా ఎరుపు ఎంచుకుంది. అలాంటిలాంటి ఎరుపు కాదు, మంజిష్ఠ వేళ్ళు కుండలు కుండలు ఉడకబెట్టి తీసిన ఎరుపు. అందులో అక్కడక్కడా దానిమ్మ తొక్కల పసుపు. ఆమె అమ్మ నేసినట్టే, ఒక మూల మొదలైన ముగ్గు నాలుగు వేళ్ళు పోయేసరికి మనసు మార్చుకుని ఇంకో ముగ్గవుతుంది. ఏ ఇంటి గోడకీ నప్పదు, ఏ సోఫాకీ లొంగదు. ఎవరూ కొనకూడదనే అలా నేసింది. నేస్తూ నేస్తూ ఒక్కతే నవ్వుకునేది.

చలికాలం నడిమధ్యలో మీమూన్ వచ్చి మగ్గం ముందు నిలబడి మొహం చిట్లించాడు.

"ఏంటి వదినా ఇది, ఇంట్లో కోడిని కోసినట్టుంది? దీన్నెవడు కొంటాడు?"

"ఎవడూ కొనడు," అంది ఇజ్జా. వాడి ముందు ఆమె నిజంగా నవ్వింది ఆ ఒక్కసారే.

మొన్న శుక్రవారం తివాచీని మగ్గం మీంచి కోసింది. ఆ పని జరిగేటప్పుడు గదిలో మగాళ్ళు ఉండకూడదు కాబట్టి జాయిద్‌ని బయటికి తోలేసింది. పక్కింటి తుదా పెద్దమ్మ ఒక చివర పట్టుకుంది. మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ తివాచీకి ప్రాణముంటుంది, పడుగు దారాలు తెగితే పోతుంది. అందుకని నీళ్ళు చల్లి, పోయినవాళ్ళకి చెప్పే మాటలు చెప్పి కోస్తారు. ఇజ్జా ఆ మాటలు ఎన్ని తివాచీలకి చెప్పిందో లెక్కలేదు, అవన్నీ చెప్పగానే చుట్టుకుని వెళ్ళిపోయాయి. ఇది వెళ్ళదు. ఆ మాట తలుచుకుంటూ చేతి వెనకతో చెంపలు తుడుచుకుంది. తుదా పెద్దమ్మ చూసి, "ఏడుస్తున్నావా పిల్లా, నవ్వుతున్నావా?" అంటే, "నీళ్ళు చిందాయి పెద్దమ్మా," అంది.

దాని మీద మొదటి టీ తుదా పెద్దమ్మతో తాగాలనుకుంది. ఇవాళ మధ్యాహ్నం రమ్మంది. రొట్టెలు కాల్చింది, వెన్న తీసింది, తేనె గిన్నె కడిగి పెట్టింది. సరిగ్గా అప్పుడే మీమూన్ కారు హారన్ వినపడింది. వాడికి ముహూర్తం చూసి చెడగొట్టడం వెన్నతో పెట్టిన విద్య.

కార్లోంచి దిగినావిడ పేరు నౌఫిస్సా. కాసాబ్లాంకాలో సముద్రం వైపు కొత్త ఇల్లు కొనుక్కున్నారట, ఇంటికి తివాచీలు ఎంచుకోవడానికి వచ్చిందట. పొగరుబోతు మనిషైతే ఇజ్జాకి సుళువుగా ఉండేది. ఆవిడ అలా లేదు. ఎవరూ చెప్పకుండానే గడప దగ్గర చెప్పులు విప్పింది, ఇజ్జా చేయి పట్టుకుని, ఆ చేతిని తాకిన తన వేళ్ళని ముద్దు పెట్టుకుంది. పట్నం అరబ్బీలో ఏదో మంచిమాటే అంది. ఇజ్జాకి కొండ భాష తప్ప ఇంకోటి రాదు. జాయిద్‌కి సంతలో గొర్రెల బేరానికి సరిపడా అరబ్బీ వచ్చు. మీమూన్‌కి అమ్మడానికి ఎన్ని భాషలు కావాలో అన్నీ వచ్చు.

డాబా మీద వాడు తివాచీలు విప్పి విసరడం మొదలుపెట్టాడు. ఒక్కోటి గాల్లోకి లేచి దభీమని పడుతోంది. వాడు చెప్పే కథలు ఇజ్జాకి భాష రాకపోయినా వచ్చు. చేతులు ఇలా చాపితే, మా నాయనమ్మ పెళ్ళికి నేసింది. కళ్ళు ఇలా మూస్తే, వందేళ్ళ నాటిది అమ్మగారూ, ఇలాంటిది మళ్ళీ దొరకదు. ఆ వందేళ్ళ తివాచీ నేస్తున్నప్పుడు ఇజ్జాకి పన్ను నొప్పి. అది కిందటేడాదికి ముందటేడు సంగతి. వాడు తీసుకెళ్ళి తారు రోడ్డు మీద పరిచి, లారీల చేత తొక్కించి, ఎండలో పడేసి, మందు నీళ్ళు పోసి దానికి వందేళ్ళు నింపుకొచ్చాడు. తను ముడివేసిన ఒక్కొక్క ముడినీ టైర్ల కింద వేసి, దానికి ముసలితనం అని పేరుపెట్టి అమ్ముకుంటున్నాడు! ఇజ్జాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మెదపలేదు. ఇవన్నీ ఎలాగూ పోయేవే. కింద గదిలో ఉన్నది ఉంటే చాలు.

నౌఫిస్సా ప్రతి తివాచీ పక్కనా ఫోను పట్టుకుని చూసుకుంది. ఫోన్లో ఆవిడ సోఫా బొమ్మ ఉంది. దుమ్ము రంగు సోఫా. తెల్లవాటిని చూసింది, నల్ల గీతలవాటిని చూసింది, ముద్దొచ్చేలా తల వంచి ఆలోచించింది, ఒక్కటీ నచ్చలేదు. మీమూన్ చెమటలు తుడుచుకున్నాడు. చేతులు కడుక్కుంటానని ఆవిడ కిందికి దిగింది. గది తలుపు తీసే ఉంది.

ఆవిడ కేక విని ఇజ్జా పరిగెత్తుకొచ్చేసరికి నౌఫిస్సా ఎర్ర తివాచీ మధ్యలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఉన్నిలోకి మణికట్ల దాకా పోనిచ్చి, చిన్నపిల్ల నీళ్ళలో ఆడుకుంటున్నట్టు ఆడుకుంటోంది. సోఫా బొమ్మ ఉన్న ఫోను పక్కన బోర్లా పడి ఉంది.

ఇజ్జాకి కోపం వచ్చింది, ముందు తన మీదే. నచ్చకూడదని ఇంత అందంగా నేసే తెలివితక్కువది ప్రపంచంలో ఇంకెవరైనా ఉంటారా?

"ఇది అమ్మేది కాదు. ఇది నా ఇంటిది. చెప్పు ఆవిడకి," అంది మీమూన్‌తో.

మీమూన్ తలూపి చెప్పాడు. వాడు చెప్పింది విని నౌఫిస్సా సంతోషంగా తలూపి సంచీ దగ్గరికి లాక్కుంది. కాదన్న మాట విన్న మనిషి సంచీ దగ్గరికి ఎందుకు లాక్కుంటుంది? ఇజ్జా మొగుడి వైపు తిరిగింది. జాయిద్ అప్పుడే టీ పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏమయ్యా, వాడేం చెప్పాడు?"

జాయిద్ టీ కుండలోకి చూశాడు.

"నిన్నే! వాడు ఏం చెప్పాడు?"

"వదినకి బాగా ఇష్టమైనది, అంచేత కాస్త ఎక్కువవుతుంది అన్నాడు," అని గొణిగాడు జాయిద్.

"విని నువ్వు ఊరుకున్నావా?"

"అతిథి ముందు గొడవెందుకే. టీ తాగనీ. తర్వాత చెబుదాం."

తర్వాత! ఈ మనిషి జీవితంలో సగం ఆ మాటలోనే గడిచిపోయింది. టీ పోశాడు. రొట్టె విరిచి ఇచ్చాడు. ఇజ్జా తుదా పెద్దమ్మ కోసం దాచిన వెన్నా తేనె కూడా ఆవిడ ముందు పెట్టాడు. నౌఫిస్సా తింది, తాగింది, తివాచీని నిమురుతూ పొగిడింది. పొగడ్త అంటే ఏమిటో ఎరగని జాయిద్ మొహం వెలిగిపోయింది. గది తను కట్టాడు, తివాచీ తన పెళ్ళాం నేసింది, పట్నం మనిషి మెచ్చుకుంటోంది. ఆ ఉబ్బులో గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒక మాట అనేశాడు. అది అరబ్బీలో అన్నా ఇజ్జాకి అర్థమైంది. ఆ మాట అందరికీ తెలిసినదే.

"మీదే అనుకోండి."

ప్రతి ఇంట్లోనూ అనే మర్యాద మాటే అది. అవతలివాళ్ళు "మీ ఇంట్లోనే చల్లగా ఉండనీయండి" అంటారు, అక్కడితో అయిపోతుంది. కానీ జాయిద్ వంశం సంగతి వేరు. ఇంట్లో రొట్టె తిన్న మనిషికి ఆ మాట అన్నారంటే ఇచ్చేసినట్టే. వాళ్ళ నాన్న ఒకసారి ఇలాగే నోరుజారి ఉన్న ఒక్క కంచర గాడిదనీ ఇచ్చేశాడు. ఊరూరా ఆయన పేరు మోగిపోయింది. ఆ చలికాలమంతా అడవి నుంచి కట్టెలు వీపున మోసింది మాత్రం జాయిద్ అమ్మ. ఈ సంగతి ఊరికీ తెలుసు, మీమూన్‌కి అందరికంటే బాగా తెలుసు. వాడు పులిలా లేచి నిలబడ్డాడు.

"విన్నావా వదినా? అన్నయ్య మాట ఇచ్చేశాడు. రొట్టె మీద. ఇంకేముంది?"

"అది ఊరికే అన్న మాట!"

"మా ఇంట్లో ఊరికే అనే మాటలుండవు. ఏం అన్నయ్యా, ఉంటాయా?"

జాయిద్ మొహం పాలిపోయింది. తను ఏం చేశాడో అప్పుడు తెలిసొచ్చింది. ఇజ్జా అతని ముందుకు వచ్చి నిలబడింది.

"వెనక్కి తీసుకో."

"ఎలా తీసుకోనే? నా రొట్టె తిన్న మనిషికి..."

"నోటితోనే కదా ఇచ్చావు. నోటితోనే తీసుకో."

"మా నాన్న..."

"మీ నాన్న మాట ఎత్తకు! ఆయన మాట నిలబెట్టుకున్నాడు, మీ అమ్మ నడుం విరిగింది. నాకూ అదే రాసిపెట్టావా?"

జాయిద్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. నౌఫిస్సా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి మీమూన్‌ని ఏదో అడిగింది. మీమూన్ నవ్వుతూ జవాబు చెప్పాడు. ఏం చెప్పాడో ఈసారి ఇజ్జా అడగలేదు, అడిగి మాత్రం ఏం లాభం? వాడు టీ గ్లాసులు పక్కకి తోసి, మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ చుట్టడం మొదలుపెట్టాడు. చలికాలమంతా ముడి ముడికీ వేళ్ళు తెగిన పని, వాడు చాప చుట్టినట్టు చుట్టేస్తున్నాడు. చుట్టి భుజానికెత్తుకుని లేచేసరికి గుమ్మంలో తుదా పెద్దమ్మ నిలబడి ఉంది, చేతిలో గుడ్డ కప్పిన అక్రోట్ల గిన్నెతో.

"ఏం జరుగుతోందిక్కడ?" అంది.

ఇజ్జా తలగుడ్డ ముడి విప్పింది. పరాయి మనుషుల ముందు, మరిది ముందు, పట్టపగలు. నెరిసిన జడలు రెండూ భుజాల మీద పడ్డాయి. ఆ గుడ్డని మీమూన్ కాళ్ళ ముందు, గడపకి అడ్డంగా పడేసింది.

ఆ కొండల్లో ఇంతకంటే పెద్ద మాట లేదు. ఆడది తలగుడ్డ తీసి మగాడి ముందు పడేసిందంటే శరణు వేసినట్టు, దాన్నే ఆర్ అంటారు. అడిగింది ఇచ్చి తీరాలి. చంపడానికి వచ్చిన పగవాడు కూడా దాన్ని చూసి కత్తి దించుతాడు. దాటినవాడికి ఆ పాపం చుట్టుకుంటుంది, వాడి పొయ్యి మీద కుండ ఉడకదంటారు. ఇజ్జా తన జీవితంలో అది ఎవరి మీదా వెయ్యలేదు. వెయ్యాల్సి వస్తుందని కూడా అనుకోలేదు.

మీమూన్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత పక్కకి చూశాడు. కొనే మనిషి చూస్తోంది.

"ఏ కాలంలో ఉన్నావు వదినా," అని నవ్వి, కాలెత్తి, దాటేశాడు. నౌఫిస్సా భయంగా ఏదో అడిగితే భుజం మీద బరువు సర్దుకుంటూ తేలిగ్గా ఏదో చెప్పాడు.

"వీడ్కోలు పద్ధతి అంటున్నాడు," అన్నాడు జాయిద్. అడక్కుండానే చెప్పాడు.

తమ్ముడు తన కళ్ళ ముందే తన పెళ్ళాం తలగుడ్డ దాటాడు, ఆ మనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు! మీమూన్ మీద ఇజ్జాకి ఎంత కోపం వచ్చిందో అంతకి పదింతలు జాయిద్ మీద వచ్చింది. చేతికందిన టీ కుండ నెత్తిన వెయ్యాలనిపించింది. కానీ తివాచీ వాకిలి దాటుతోంది, కుండకి టైము లేదు. ఒక్క ఉదుటున వెళ్ళి గుడ్డని తీసుకుని నౌఫిస్సా భుజాల మీద వేసింది. ఆవిడ కోటు అంచు గుప్పెట్లో బిగించి పట్టుకుంది. ఇజ్జాకి అరబ్బీ రాదు. కానీ ఈ దేశంలో కొండల్లోనూ సముద్రపు ఒడ్డునా ఒక్కలాగే పలికే మాట ఒకటుంది. అది తర్జుమా చెయ్యడానికి మీమూన్ అక్కర్లేదు.

"ఆర్," అంది, ఆవిడ కళ్ళలోకి చూస్తూ. "నీ మీద. ఆర్."

నౌఫిస్సా మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆవిడకీ ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది. భుజం మీది గుడ్డని చూసుకుంది, ఇజ్జా విప్పిన జుట్టు చూసింది, గడప చూసింది. ఇందాక మీమూన్ కాలెత్తి దాటింది ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆవిడ అరిచిన అరుపుకి వాకిట్లో మీమూన్ అక్కడే ఆగిపోయాడు.

వాడు గబగబా వెనక్కి వచ్చి ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. వాణ్ణి కాదు, జాయిద్‌ని అడిగింది.

"చెప్పు అన్నయ్యా," అన్నాడు మీమూన్ కొండ భాషలో, పళ్ళ బిగువున. "మాట ఇచ్చానని చెప్పు. నాన్న పరువు నీ చేతుల్లో ఉంది."

జాయిద్ లేచాడు. మెల్లిగా, వెతుక్కుంటూ, సంత అరబ్బీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. మధ్యలో మాట దొరక్క ఆగాడు, మగ్గం వైపు చూపించాడు, గోడ చూపించాడు, తమ్ముణ్ణి చూపించాడు, చివరికి తనని తను చూపించుకుని తల దించుకున్నాడు. మీమూన్ తర్జుమాలు ఎప్పుడూ పొట్టిగా ఉండేవి. ఇది చాలాసేపు సాగింది. అందుకే ఇజ్జా నమ్మింది.

నౌఫిస్సా విన్నది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అవి జాలి నీళ్ళు కావు. ఆవిడకీ ఒళ్ళు మండుతోంది. ఇజ్జాని చూస్తూ గట్టిగా ఏదో అంది.

"నన్నెందుకు లాగావంటోంది," అన్నాడు జాయిద్. "నీది అని తెలిస్తే చెయ్యే వేసేదాన్ని కాదంటోంది. ఇంటికొచ్చిన దాని మీద ఆర్ వేస్తారా, వెయ్యాల్సింది వాడి మీద కదా అంటోంది."

"వాడి మీద వేశాను, దాటాడు. దాటనివాళ్ళ మీదే కదా వెయ్యగలం. చెప్పు ఆవిడకి."

జాయిద్ చెప్పాడు. నౌఫిస్సా భుజం మీది గుడ్డ తీసి మడత పెట్టి ఇజ్జా చేతిలో పెట్టింది. చెప్పులు వేసుకోకుండా చేత్తోనే పట్టుకుని, రాళ్ళ మీద ఒట్టి కాళ్ళతో నడుచుకుంటూ వెళ్ళి కార్లో కూర్చుంది. ఒక్క తివాచీ కూడా తీసుకోలేదు. ఇజ్జా వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. ఇజ్జాకి అది ముల్లులా గుచ్చుకుంది. మంచి మనిషిని కొట్టింది, ఆ సంగతి తనకీ తెలుసు. దానికి కూడా మీమూన్ మీదే కోపం వచ్చింది.

మీమూన్ తివాచీని వాకిట్లో దుమ్ములో పడేశాడు.

"ఉంచుకో! ఎర్ర గుడ్డ కోసం కుటుంబాన్ని బజారున పెట్టావు. ఇక నా ఉన్ని రాదు, నా మనుషులు రారు. ఎవరికి అమ్ముకుంటావో చూస్తాను."

"నీ చచ్చిన ఉన్ని నువ్వే వడుక్కో," అంది ఇజ్జా.

వాడు కారు వైపు తిరిగాడు. తుదా పెద్దమ్మ అప్పటిదాకా అక్రోట్ల గిన్నె పట్టుకుని అక్కడే ఉంది. పెద్దమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు మీమూన్ కోసం నేస్తారు.

"మీమూన్," అంది, కోడిపిల్లని పిలిచినంత నెమ్మదిగా. "నువ్వు దాటడం నేను చూశాను నాయనా. మా మగ్గాల మీద ఉన్నవి ఇంక నీవి కావు. మా గడప కూడా ఎక్కకు."

"నువ్వు కూడానా పెద్దమ్మా? ముసలితనంలో ఇవన్నీ..."

"నేను ఒక్కదాన్నే చూశాను కాబట్టి ప్రస్తుతానికి ఒక్క ఇల్లే. సాయంత్రానికి నీళ్ళ దగ్గరికి వెళ్తాను. అక్కడ అందరూ వస్తారు."

మీమూన్ తేలు కుట్టిన దొంగలా కారెక్కాడు. కారు మలుపు తిరిగింది.

ఇజ్జా, పెద్దమ్మ కలిసి తివాచీని దులిపి మళ్ళీ గదిలో పరిచారు. ఒక మూల మీమూన్ బూటు మట్టి అంటింది. ఇజ్జా గోటితో గీకి తీసింది. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని మధ్యలో కూర్చుని, "అబ్బ," అంది, "ఇందులో దిగితే లేవడం కష్టమే." ఇజ్జా కొత్తగా టీ పెట్టింది. చక్కెర దిమ్మ మీద సుత్తి దెబ్బ రెండుసార్లు తప్పింది. తలగుడ్డ కట్టుకోవడం గుర్తు రాలేదు.

జాయిద్ గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రాడు, కోటు తగిలించుకుని కొండ కూడా ఎక్కడు.

"టీ చల్లారిపోతోంది," అంది ఇజ్జా. మొహం చూడకుండా అంది.

"నేను ఇక్కడే తాగుతాను."

"ఏం, గదిలోకి రావడానికేం?"

"నేను ఇచ్చేశాను కదే దాన్ని. ఆవిడ వదిలేసి వెళ్ళింది, అది ఆవిడ మంచితనం. నేను మాత్రం ఇచ్చేశాను. ఇచ్చేసినదాని మీద ఎలా కూర్చోను?"

ఇజ్జా గ్లాసు కింద పెట్టింది. లోపల చల్లారబోతున్నది మళ్ళీ భగ్గుమంది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"గొర్రెలు కత్తిరించింది ఎవరు?"

"నువ్వే."

"వడికింది?"

"నువ్వే."

"రంగు వేసింది, నేసింది, కోసింది?"

"అన్నీ నువ్వే."

"నీది కానిదాన్ని నువ్వెలా ఇచ్చావు? పొరుగూరి వాడి ఎద్దుని అతిథికి ఇస్తావా? మీ నాన్న ఇచ్చిన గాడిద కనీసం ఆయనది. నువ్వు మాట తప్పలేదయ్యా. నీది కాని దాని మీద ఇచ్చింది మాటే కాదు. ఇన్నేళ్ళూ నీ తమ్ముడి కారెక్కించినవి కూడా నీవి కావు. ఒక్కసారైనా నన్నడిగావా? వచ్చినవాళ్ళందరినీ ఏది కావాలని అడిగావు. నన్ను అడిగావా?"

పెద్దమ్మ అక్రోటు పగలగొట్టడం ఆపేసింది. జాయిద్ పెళ్ళాం మొహం వైపు చూశాడు, విప్పి ఉన్న ఆమె జుట్టు చూశాడు, ఆమె కాళ్ళ కింది ఎరుపు చూశాడు. దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"కూర్చోనా?" అన్నాడు.

ఇజ్జా కోపం పోలేదు. అంత తొందరగా పోయే కోపం కాదది. ఆ మొహాన్నే అలా చూస్తూ నిలబడింది.

"కాళ్ళు కడుక్కుని రా," అంది.

జాయిద్ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.